దఫ్తరు ఎవరింట్లో ఉందో చెప్పండి: క్లౌడ్‌లోకి వెళ్తున్న మా రికార్డుల గురించి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ సమాచార సాంకేతిక శాఖ, రెవెన్యూ శాఖల ముఖ్య కార్యదర్శులకు, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

నేను రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పై ఏళ్లకు పైగా నల్లగొండ జిల్లాలోని వేర్వేరు మండలాల్లో పనిచేసి, ఉప తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇప్పుడు దేవరకొండలో ఉంటున్నాను. చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాల నుంచి పట్టణానికి వచ్చేవాళ్లు దరఖాస్తు రాయించుకోవడానికో, ఫోనులో వచ్చిన మెసేజ్ చదివించుకోవడానికో మా ఇంటికి వస్తుంటారు. వాళ్ల భూమి రికార్డు, రేషన్ కార్డు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, పింఛను, రైతు భరోసా, వైకల్యాన్ని తెలిపే సదరం ధ్రువపత్రం ఇప్పుడు ఎక్కడో ఉన్న సర్వర్ల మీద ఉన్నాయి. ప్రభుత్వ సేవలు ఒక్కొక్కటిగా క్లౌడ్‌లోకి మారుతున్నాయి. ఈ మార్పు రావలసిందేనని నేను నమ్ముతున్నాను. అది జరుగుతున్న తీరులో మాకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి కనుక, వాటిని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

కాగితం రోజులే బాగుండేవని అనేవాళ్లు ఆ కాగితాలను మోసి ఎరగరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కార్యాలయం రికార్డు గదిలో ఏ భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో ఏటా రాసిన పహాణీలు, చెస్సలాలు, ఫైసల్ పట్టీలు వంటి పాత భూమి రికార్డులు ఎర్రగుడ్డ మూటల్లో కప్పు దాకా పేర్చి ఉండేవి. ఒక వానాకాలం పైకప్పు కారి కింది వరస మూటలు తడిసిపోతే, వాటిని విప్పి వరండాలో పరిచి, గాలికి లేవకుండా ఒక్కో కట్ట మీద కంకర రాయి పెట్టి మూడు రోజులు ఆరబెట్టాం. సిరా కారిన చోట సర్వే నంబరు కనిపించేది, పట్టాదారు పేరు కనిపించేది కాదు. చెదలు తిన్న సంవత్సరాలైతే అసలే దొరికేవి కావు. "సదరు సంవత్సరపు పహాణీ లభ్యం కాదు" అని రాసి రైతు చేతికివ్వడం మాకు ఒక్క నిమిషం పని. ఆ ముక్క పట్టుకుని అతను కోర్టు చుట్టూ ఏళ్లకేళ్లు తిరగవలసి వచ్చేది. 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్, రాజోలి మునిగినప్పుడు ఇళ్లలోని పట్టా పుస్తకాలు, కార్డులు, పిల్లల చదువు పత్రాలు బురదపాలైన కుటుంబాల వాళ్లను అడిగితే, వరద చేరని మరో ఊళ్లో ఒక నకలు ఉండటం ఎంత విలువైనదో వాళ్లే చెబుతారు. అందువల్ల కంప్యూటరు మీద, క్లౌడ్ మీద నాకు పగ లేదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు క్లౌడ్ అంటే ఉపగ్రహంలో ఉంటుందనుకుంటారు. వేల కంప్యూటర్లను ఒకచోట చేర్చి, వాటికి కరెంటు, చల్లదనం, కాపలా ఏర్పాటు చేసిన పెద్ద భవనాలలోని యంత్రాలను, కావలసినంత మేరకు, కావలసినన్నాళ్లు అద్దెకు వాడుకోవడమే క్లౌడ్ అని నేను వాళ్లకు చెబుతాను. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ పేరుతో తెరిచింది అలాంటిదే. 2016లో జిల్లాలు విడిపోకముందు మన మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండిన షాద్‌నగర్ పరిసరాలకు మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లు వచ్చాయి. ఇక కేంద్ర ప్రభుత్వం 2014లో మేఘ్‌రాజ్ కార్యక్రమం కింద, తన కంప్యూటరు సేవల సంస్థ ఎన్‌ఐసీ ద్వారా, సొంత క్లౌడ్‌ను మొదలుపెట్టింది. ఎన్‌ఐసీకి ఢిల్లీ, పుణె, హైదరాబాద్, భువనేశ్వర్‌లలో జాతీయ డేటా సెంటర్లు ఉన్నాయి. ప్రభుత్వ శాఖలకు సేవలందించే ప్రైవేటు క్లౌడ్ కంపెనీలు కేంద్ర ఐటీ శాఖ గుర్తింపు పొంది ఉండాలని, ప్రభుత్వ డేటాను దేశంలోనే ఉంచాలని నిబంధనలు ఉన్నాయి. ఈ భవనాలు మా ప్రాంతపు కరెంటును, నీళ్లను ఎంత వాడుకుంటున్నాయన్నది కూడా అడగవలసిన ప్రశ్నే కానీ, దానికి వేరే లేఖ కావాలి.

క్లౌడ్ వల్ల మేలు జరిగే చోటు ఎక్కడో పనిచేసిన వాళ్లకు తెలుసు. ప్రభుత్వ పని ఏడాది పొడవునా ఒకే తీరున ఉండదు. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన సభల్లో కోటికి పైగా దరఖాస్తులు వచ్చాయి, వాటన్నిటినీ కంప్యూటర్లలోకి ఎక్కించవలసి వచ్చింది. పరీక్ష ఫలితాల రోజు, రైతు భరోసా డబ్బు పడే వారం, కొత్త రేషన్ కార్డులకు దరఖాస్తులు తీసుకునే పక్షం, ఇవన్నీ అలాంటివే. ఆ రద్దీకి సరిపడా యంత్రాలను శాఖ సొంతంగా కొంటే మిగిలిన పదకొండు నెలలు అవి ఊరికే తిరుగుతుంటాయి. తక్కువ కొంటే అవసరమైన రోజే చేతులెత్తేస్తాయి. రద్దీ రోజు బలం పెంచుకుని, మర్నాడు తగ్గించుకునే వీలు క్లౌడ్‌లో ఉంది. 2021 సెప్టెంబరు 17న దేశమంతటా ఒక్కరోజే 2.5 కోట్ల టీకాలు వేసి కోవిన్‌లో నమోదు చేయగలిగామంటే, పాత పద్ధతిలో ఒక గదిలో పెట్టుకున్న నాలుగు సర్వర్లతో అది అయ్యే పని కాదు.

పాలమూరు వాళ్లకు ఇందులో ఇంకొక మేలు ఉంది. తరాల తరబడి ముంబైకి, పుణెకు మట్టిపనికి, కట్టడం పనికి పోయిన జిల్లా ఇది. రేషన్ కార్డు ఊళ్లో, కడుపు అక్కడ అన్నట్టుగా వాళ్లు ఎన్నేళ్లు గడిపారో కొల్లాపూర్, మక్తల్ వైపు ప్రతి ఇంటికీ తెలుసు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో మొదట ప్రయోగించిన రెండు జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే. ఇవాళ నారాయణపేట కూలీ పుణెలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోగలుగుతున్నాడంటే, అతని కార్డు వివరం ఒక డీలరు దగ్గరి రిజిస్టరుకు కట్టుబడకుండా, ఎక్కడి యంత్రం అడిగినా జవాబు చెప్పే చోట ఉండబట్టే. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే నా అసలు ప్రశ్నకు రావాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి.

ఊరి లెక్కలు రాసే పట్వారీల కాలంలో ఊరి దఫ్తరు, అంటే భూమి లెక్కల పుస్తకాల కట్ట, పట్వారీ ఇంట్లోనే ఉండేది. అందులో ఎన్ని అన్యాయాలు జరిగాయో తెలంగాణలో చెప్పనవసరం లేదు. కానీ దఫ్తరు ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలుసు, దాని నకలు తాలూకా కచేరీలో ఉంటుందనీ తెలుసు. నా ఉద్యోగంలో ఒక కేసు చూశాను. ఊళ్లో ఉన్న పహాణీలో సాగు చేసేవారి పేరు రాసే అనుభవదారు గడిలో ఒక కౌలుదారు పేరును బ్లేడుతో గీకి, దాని మీద వేరే పేరు రాశారు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే ఆ ముక్క మేర పలుచబడి అవతలి వేళ్లు కనిపించాయి. అయినా రాసినవాళ్లు అది తడిచిన మరక అన్నారు. మా రికార్డు గదిలో వెతికితే అదే సంవత్సరపు రెండో ప్రతి దొరికింది. అందులో పాత పేరు చెక్కుచెదరకుండా ఉంది. ఆ కౌలుదారు కుటుంబానికి న్యాయం జరిగింది. ఆ రెండో ప్రతి కూడా ఊళ్లో అదే మనిషి చేతిలో ఉండి ఉంటే, దాన్నీ గీకి ఉండేవారు. రెండు ప్రతులు రెండు వేర్వేరు చేతుల్లో ఉండటమే ఆ కుటుంబాన్ని కాపాడింది.

క్లౌడ్ కంపెనీలు ప్రతి ఫైలుకూ రెండు మూడు నకళ్లు ఉంచుతామని చెబుతాయి, అది నిజమే. ఒక డిస్కు పాడైతే ఆ నకళ్లు పనికొస్తాయి. కానీ అవన్నీ ఒకే ఖాతా కింద, ఒకే అధికారి పాస్‌వర్డు కింద ఉంటే, ఆ పాస్‌వర్డు దొంగ చేతిలో పడ్డప్పుడు, లేదా ఎవరో పొరపాటున చెరిపివేత ఆదేశం ఇచ్చినప్పుడు మూడూ కలిసే పోతాయి. మా రికార్డు గది లెక్కలో అది ఒకే ప్రతి. ఈ తేడాను మీ టెండరు పత్రాలు గుర్తిస్తున్నాయా అన్నది నేను అడుగుతున్న మొదటి ప్రశ్న.

ఇది ఊహించుకున్న భయం కాదనడానికి దక్షిణ కొరియా సాక్ష్యం. కంప్యూటరు పాలనలో ప్రపంచమంతా ఆదర్శంగా చెప్పుకునే దేశం అది. 2025 సెప్టెంబరు 26న డేజియాన్ నగరంలోని వాళ్ల జాతీయ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకుని మంటలు లేచాయి. 600కు పైగా ప్రభుత్వ వ్యవస్థలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. వాటిలో చాలావాటిని వారాల్లో తిరిగి నిలబెట్టారు కానీ, ఉద్యోగులు తమ పని కాగితాలు దాచుకునే జీ-డ్రైవ్ అనే ఉమ్మడి నిల్వ మొత్తం, 858 టెరాబైట్లు, కాలి బూడిదైంది. మరీ పెద్దది కావడంతో దానికి బయట మరో ప్రతి ఉంచలేదు. సొంత కంప్యూటర్లలో ఏదీ దాచవద్దు, అన్నీ అందులోనే పెట్టండి అన్న ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించిన శాఖ వాళ్లే అందరికంటే ఎక్కువ నష్టపోయారని చదివినప్పుడు, ఒక పాత ఉద్యోగిగా నాకు చాలా బాధ కలిగింది. ఆదేశం పాటించినందుకు ఏళ్ల తరబడి చేసిన పని పోగొట్టుకున్న గుమాస్తా ఎక్కడి వాడైనా మా వాడే.

దీనికి ఎదురుగా పెట్టదగిన ఉదాహరణ ఆస్ట్రేలియాది. 2024 మేలో యూనిసూపర్ అనే పింఛను నిధి సంస్థకు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ముఖ్యమైన ఏర్పాటు, కంపెనీ వైపు జరిగిన ఒక పొరపాటు అమరిక వల్ల చెరిగిపోయింది. రెండు వేర్వేరు ప్రాంతాల్లో ఉన్న నకళ్లు కూడా దానితోపాటే పోయాయని రెండు సంస్థలూ అప్పట్లో ప్రకటించాయి. లక్షలాది సభ్యులు రోజుల తరబడి తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. చివరికి వాళ్లు గట్టెక్కడంలో, ముందుచూపుతో వేరొక కంపెనీ దగ్గర ఉంచుకున్న బ్యాకప్ ఎంతో సాయపడింది. మా తాలూకా కచేరీలోని రెండో ప్రతి చేసిన పనే అది చేసింది.

అలాగని సర్వర్లను మన భవనంలోనే పెట్టుకుని తాళం వేసుకుంటే భద్రం అనుకోవడానికీ లేదు. ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు సొంత ఆవరణలోనివే. 2022 నవంబరు 23న వాటి మీద ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగితే, ఓపీ చీటీల నుంచి పరీక్షల రిపోర్టుల దాకా రోజుల తరబడి చేత్తో రాసి నడిపించవలసి వచ్చింది. సంగతేమిటంటే, మంచి జీతం ఇచ్చి నిపుణులను పెట్టుకోగల క్లౌడ్ కేంద్రం సాధారణంగా ఒక శాఖ సొంత సర్వరు గది కంటే భద్రంగానే ఉంటుంది. తప్పు జరిగే చోటు చాలాసార్లు ఆ కేంద్రం గోడల లోపల ఉండదు. అద్దెకు తీసుకున్న శాఖ తలుపు వేయడం మరిచిపోతుంది, బదిలీ అయిన ఉద్యోగి పాస్‌వర్డు తీసేయదు, పరీక్ష కోసం తెరిచిన నిల్వను అందరికీ కనిపించేలా వదిలేస్తుంది. యంత్రాల భద్రత కంపెనీది, వాటిలో మనం పెట్టుకున్నదాని భద్రత మనది అని ఒప్పందాల్లోనే రాసి ఉంటుంది. మన వైపు ఆ బాధ్యత ఏ అధికారి పేరు మీద ఉందో మాకు తెలియదు. ఒక ఎకరం పట్టా తప్పుగా మారితే సంతకం చేసిన తహసీల్దారు ఎవరో తెలుస్తుంది. జిల్లా మొత్తం రికార్డు బయటికి పొక్కితే ఎవరిని అడగాలి?

తాళంచెవి సంగతి ఇంకా సూక్ష్మమైనది. డేటాను సంకేత లిపిలో దాచి పెడతారు, దాన్ని విప్పే తాళంచెవి కూడా డిజిటల్ రూపంలోనే ఉంటుంది. ఆ తాళంచెవి కంపెనీ దగ్గరే ఉంటే డేటా హైదరాబాద్‌లో ఉన్నా కాపలా మనది కాదు. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, అమెరికా కంపెనీల అధీనంలో ఉన్న డేటా ఏ దేశంలో ఉన్నా, తగిన ఉత్తర్వుతో అక్కడి దర్యాప్తు సంస్థలు అడగవచ్చు. 2025 జులైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించిన తర్వాత, గుజరాత్‌లో చమురు శుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, తర్వాత సేవలు తిరిగి వచ్చాయి. ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో ఇక్కడి కార్యాలయంలో ఉత్తరాలు ఆగిపోగలవని ఆ సంఘటన చూపించింది. అంత పెద్ద కంపెనీ హైకోర్టుకు వెళ్లగలిగింది. మా మండల కార్యాలయం ముందు నిలబడ్డ మనిషి ఎక్కడికి వెళ్తాడు?

ఇందులో మన రాష్ట్రపు అనుభవమే ఒకటుంది. 2020 అక్టోబరు 29న మొదలైన, భూమి రికార్డుల ధరణి పోర్టల్ నిర్వహణ నాలుగేళ్లపాటు ఒక ప్రైవేటు సంస్థ చేతిలో ఉండి, 2024 డిసెంబరులో ఎన్‌ఐసీకి మారింది. 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ప్రయోగాత్మకంగా తీసుకున్న మండలాల్లో నారాయణపేట జిల్లాలోని మద్దూరు కూడా ఒకటి. చేతులు మారినప్పుడు అప్పగింత ఎలా జరిగింది, పాత నిర్వాహకుల దగ్గర నకళ్లేమైనా మిగిలాయా, మిగలలేదని ఎవరు పరిశీలించి సంతకం చేశారు అన్న వివరాలు రైతులకు తెలియజేయాలి. పట్వారీ మారితే కొత్తవాడు దఫ్తరును జాబితా ప్రకారం లెక్కపెట్టి తీసుకుని, అప్పగింత కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసేవారు. రేపు క్లౌడ్ కంపెనీ మారినా ఆ కాగితం ఉండాలి, అది పౌరులకు కనిపించాలి. కంపెనీని మార్చుకోవడం వీలుకానంత గట్టిగా వాళ్ల పద్ధతులకే అలవాటు పడిపోతే, రెండో ఒప్పందం నాటికి ధర వాళ్లు చెప్పిందే అవుతుందన్న సంగతి కూడా ఒప్పందం రాసేనాడే ఆలోచించాలి.

గోప్యత గురించి ఎక్కువ రాయను, ఒక్క విషయం మాత్రం నల్లగొండ వాడిగా చెప్పక తప్పదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిన మనుషుల శరీరాల వివరాలు సదరం రికార్డుల్లో ఉన్నాయి. 2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి సర్వేలో కుటుంబాలు తమ కులం, ఆదాయం, అప్పు చెప్పాయి. ఇవి బయటపడితే పాస్‌వర్డులా మార్చుకోగలిగినవి కావు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే పౌరుల వివరాలు పొక్కి, కేసు పెట్టి ఒకరిని అరెస్టు చేయవలసి వచ్చింది. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, నష్టపోయిన పౌరుడికి కూడా తెలియజేయాలని, భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని చెబుతుంది. అదే చట్టం ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్నీ కేంద్రం చేతిలో ఉంచింది. మినహాయింపు ఉన్నా లేకపోయినా, మా వివరాలు పొక్కితే ఆ సంగతి తెలుగులో, మెసేజ్ రూపంలోనూ గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీదా మాకు చెబుతామని రాష్ట్ర ప్రభుత్వం తనంతట తానే మాట ఇవ్వవచ్చు. దానికి ఢిల్లీ అనుమతి అవసరం లేదు.

ఇప్పుడు కిందటి వేసవిలో నా కళ్లెదుట జరిగినది చెబుతాను. ఏ కార్యాలయమో చెప్పను, ఎందుకంటే ఆ సిబ్బంది తప్పు అందులో లేదు. చందంపేట వైపు ఒక తండాలో తండ్రి చనిపోతే, రెండెకరాల పది గుంటల భూమి విరాసత్ కోసం, అంటే వారసుల పేరుకు మార్పు కోసం, పుణెలో కట్టడం పని చేసుకునే కొడుకు నాలుగు రోజుల సెలవు పెట్టుకుని వచ్చాడు. స్లాటు మీసేవలో ముందే తీసుకున్నారు. నేను తోడు వెళ్లాను. పదకొండు గంటలకు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి వేలిముద్ర తీసుకోబోతే, పత్తి తీసి తీసి అరిగిన ఆ వేలు యంత్రానికి అందలేదు. బయట కుండీ దగ్గర చేతులు కడిగి, కొంగుతో తుడుచుకుని వచ్చి మళ్లీ పెట్టింది. ఈసారి ముద్ర పడింది. సరిగ్గా అప్పుడు తెర మీద గుండ్రటి గీత తిరగడం మొదలుపెట్టింది. ఆపరేటరు రెండుసార్లు పేజీని మళ్లీ తెరిచి, "సర్వర్ డౌన్, మధ్యాహ్నం చూద్దాం" అన్నాడు. ఐదింటి దాకా వరండాలో కూర్చున్నాం. మర్నాడూ అంతే. మూడో రోజు కొడుకుకు తిరుగు రైలు. బయల్దేరే ముందు ఆ తల్లి ఆపరేటరు దగ్గరికి పోయి, "సారూ, మేం రెండు దినాలు ఈడికొచ్చి కూసున్నట్టు ఏదన్న కాయిదం రాసిస్తరా?" అని అడిగింది. అలాంటి కాగితం ఇచ్చే పద్ధతి లేదు. ఆయన నిజమే చెప్పాడు.

ఆమె అడిగిన కాగితమే నేను మీ నుంచి అడుగుతున్నాను. కాగితపు కార్యాలయంలో అధికారి లేకపోయినా ఇన్‌వార్డులో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకుని, తేదీ సంపాదించుకునేవాళ్లు. ఆ తేదీ కోర్టులో చెల్లేది. ఇప్పుడు సర్వరు పలకకపోతే మనిషి వచ్చినట్టే లెక్కలో లేదు. వ్యవస్థ ఆగిపోయిన ప్రతిసారీ, వచ్చిన పౌరుడి పేరు, పని, తేదీ, సమయం రాసి, కార్యాలయం ముద్రతో చీటీ ఇవ్వాలి. ఆ చీటీ ఉన్నవాళ్లకు గడువు అన్ని రోజులు పెరగాలి, కట్టిన రుసుము పోకూడదు, కొత్త స్లాటుకు మొదటి వరస దక్కాలి. ఆ చీటీల లెక్కను నెలనెలా కలెక్టరేటుకు పంపితే, ఏ సేవ ఎన్ని గంటలు ఆగిందో కంపెనీ ఇచ్చే నివేదిక మీద ఆధారపడకుండా మీకూ తెలుస్తుంది. ఏడాదిలో 99.9 శాతం పనిచేస్తామని ఒప్పందంలో రాసుకుంటారు. ఆ మిగిలిన 0.1 శాతం దాదాపు తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటలూ ఒకే పనిదినం మీద, ఒక వలస కూలీ సెలవు రోజు మీద పడితే అతనికి అది నూరు శాతం. అసలు చాలాసార్లు ఆగేది సర్వరు కూడా కాదు, మండలం దాకా వచ్చే తీగ. అమ్రాబాద్ అడవుల్లోని చెంచుల చిన్న గూడేలైన పెంటలకు సిగ్నలే అందనప్పుడు, క్లౌడ్ ఎంత గొప్పదైనా అక్కడి రేషన్ డీలరు చేతిలో నెట్‌వర్కు లేకుండా పనిచేసే ఏర్పాటు ఒకటి ఉండి తీరాలి.

రెండో కోరిక జమాబందీ. ఏడాదికోసారి ఊరి లెక్కలన్నీ ముందు పెట్టుకుని పై అధికారి తనిఖీ చేసి సంతకం చేసే ఆ ఆనవాయితీ గురించి రెవెన్యూ శాఖకు నేను చెప్పనవసరం లేదు. దాన్ని క్లౌడ్‌కూ పెట్టండి. ప్రతి జిల్లాలో ఏటా ఒక రోజు, కలెక్టర్ సమక్షంలో, ప్రధాన వ్యవస్థ పోయిందని అనుకుని, వేరే చేతిలో ఉన్న రెండో ప్రతి నుంచి ఒక మండలం భూమి రికార్డునూ రేషన్ కార్డుల పట్టికనూ తిరిగి నిలబెట్టి చూడాలి. ఎంతసేపు పట్టిందో, ఏయే పంక్తులు తేడా వచ్చాయో రాసి నోటీసు బోర్డు మీద అంటించాలి. బ్యాకప్ ఉందని చెప్పడం వేరు, దాని నుంచి రికార్డు లేచి నిలబడిందని చూపించడం వేరు. ఆ రెండో ప్రతి మరో నగరంలో, మరో నిర్వాహకుడి దగ్గర, ప్రధాన ఖాతా పాస్‌వర్డుతో తెరుచుకోని విధంగా ఉండాలి. ఎన్‌ఐసీకి భువనేశ్వర్‌లో కేంద్రం ఉన్నప్పుడు ఇది చేయలేని పని కాదు. తాళంచెవి ప్రభుత్వం దగ్గర, కనీసం ఇద్దరు అధికారులు కలిస్తేనే తెరుచుకునేలా ఉండాలి. పాత ఖజానా గదికి రెండు తాళాలు ఉండేవి, ఒకటి ఒకరి దగ్గర, ఇంకొకటి మరొకరి దగ్గర.

ఇక ప్రతి సేవకూ ఒక పేజీ తెలుగులో ప్రకటించండి: ఈ రికార్డు ఏ నగరంలో, ఎవరి నిర్వహణలో ఉంది, రెండో ప్రతి ఎక్కడ ఉంది, తాళంచెవి ఏ హోదా అధికారి దగ్గర ఉంది, ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది. సర్వర్ల చిరునామాలు, భద్రతా ఏర్పాట్ల రహస్యాలు మేం అడగడం లేదు. పట్వారీ ఇల్లు ఏదో తెలిసినంత మాత్రాన దఫ్తరు దొంగల పాలు కాలేదు.

2020 సెప్టెంబరులో వీఆర్వోలు (గ్రామ రెవెన్యూ అధికారులు) పోయాక ఊళ్లో రికార్డు చూపించే మనిషే లేకుండా అయిదేళ్లు గడిచాయి. 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులు వచ్చారు. వాళ్ల చేత ఏటా ఒకసారి ఊరి పహాణీని అచ్చు తీయించి, ముద్ర వేయించి, ఒక ప్రతి గ్రామ పంచాయతీలో ఉంచితే, కరెంటూ సిగ్నలూ లేని రోజు కూడా రైతు తన పేరు తాను చూసుకుంటాడు. తెర మీద ఏదైనా మారితే పోల్చుకోవడానికి కాగితం ఉంటుంది.

దేవరకొండ డివిజన్‌లో ఆ మొదటి జమాబందీ ఏ రోజు పెడతారో ముందుగా తెలియజేయండి. తండాల నుంచి తమ పాత పహాణీ నకళ్లు, పట్టా పుస్తకాలు పట్టుకుని వచ్చి, తెర మీద లేచిన రికార్డుతో పంక్తి పంక్తీ సరిచూడటానికి మా వాళ్లను నేను వెంటబెట్టుకుని వస్తాను. పుణెలో ఉన్న ఆ అబ్బాయి దరఖాస్తు ఇంకా పెండింగులోనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.